బోటు ఇంజన్ బోరుకొచ్చింది: ఇంటి దగ్గర కట్టుకోవాలా, షెడ్డుకివ్వాలా, మార్చేయాలా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు. మన ఆంధ్ర తీరంలో ఇంజన్ ఉన్న బోట్లన్నీ ఒడ్డు పట్టే కాలం ఇది. ఇంజన్ల పంచాయితీ మొదలయ్యేదీ అప్పుడే. జువ్వలదిన్నె, ఇస్కపల్లి, రామాయపట్నం, పాకల, కొత్తపట్నం, ఎక్కడ నలుగురు బోటు ఓనర్లు కూర్చున్నా అదే మాట: "పొగ కొడతా ఉంది, ఆయిల్ తాగతా ఉంది. దించుదామా, మార్చేద్దామా?"

ఒకరు బోరు చేయించమంటారు, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని లేత్ షాపులో కోయించి సమం చేయడం. ఇంకొకరు ఆ డబ్బుకి కాస్త కలిపితే పాత ఇంజనే వస్తుందంటారు. బావమరిది ఉండబట్టలేక "ఇంట్లోనే విప్పుదాం బావా, నేనున్నా కదా" అంటాడు. అందరూ మనమంచికే చెబుతారు. కానీ ఇంజన్ లోపల ఏముందో వాళ్లెవరికీ తెలియదు, మనకీ తెలియదు.

బోటు కడుపులో కూర్చునే ఇన్‌బోర్డ్ డీజిల్ ఇంజన్ల గురించే ఇక్కడ చెబుతున్నాను. వెనక తగిలించే ఔట్‌బోర్డ్‌ల సంగతి వేరు. కావలిలో మా పెరట్లో ఇప్పటిదాకా మూడు ఇంజన్లు కట్టాం. రెండు మొదటిసారే కుదిరాయి. మూడోదాన్ని రెండుసార్లు కట్టాల్సి వచ్చింది, ఆ కథ కిందుంది. ఈ మూడింటితో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. ఏ దారి పట్టాలో డబ్బు లెక్క వేసి తేల్చలేం. మైక్రోమీటర్ ఏం చెబుతుంది, కేలండర్ ఏం చెబుతుంది, ఈ రెండూ చూసి తేల్చాలి.

విప్పకముందే చూడాల్సినవి

పొగ కొట్టిన ప్రతి ఇంజనూ బోరుకి వచ్చినట్టు కాదు. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులైనా వాల్వ్ గైడ్లైనా పోయుంటాయి. తెల్ల పొగ వేడెక్కాక కూడా పోకపోతే డీజిల్ సరిగా కాలడం లేదు, లేదా నీళ్లు దిగుతున్నాయి. నల్ల పొగతోనే ఎక్కువమంది పొరబడతారు. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతున్నా నల్లగానే వస్తుంది, గాలి చాలకపోయినా అంతే, ఇంజన్ మీద మోయలేని బరువు పడినా అంతే.

మా పక్క బోటు వాళ్లు నల్ల పొగ అని మూడేళ్ల కిందట ఇంజన్ మొత్తం విప్పారు. బోరు బాగుంది, రింగులు బాగున్నాయి. తీరా చూస్తే, అంతకు ముందు ఏడాది లాగుడు బాగుంటుందని ఎవరో చెబితే పెద్ద ఫ్యాను (బోటుని నెట్టే ప్రొపెల్లర్) వేయించుకున్నారు. దాంతో ఇంజన్ తన పూర్తి ఆర్‌పీఎం అందుకోలేక రొప్పుతోంది. ఫ్యాను సైజు తగ్గించాక పొగ పోయింది. విప్పిన ఖర్చు మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి ముందు ఈ నాలుగూ చూడండి. బోటు నీళ్లలో ఉండగా ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజన్ ప్లేటు మీద రాసున్న ఆర్‌పీఎం అందుతోందా? ఆయిల్ మూత తీస్తే ఆవిరి పుక్‌పుక్‌మని తన్నుకొస్తోందా? డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉందా (నీళ్లు దిగాయి), లేక డీజిల్ వాసన కొడుతూ మట్టం పెరిగిందా (పంపో నాజిలో కారుతోంది)? ఒక్కో సిలిండర్ కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే ఒత్తిడి) ఎంతుంది, ఒకదానికొకటి ఎంత తేడా ఉంది? కంప్రెషన్ గేజ్ సొంతంగా లేకపోతే డీజిల్ మెకానిక్ దగ్గర ఒక పూట అడిగి తెచ్చుకోవచ్చు.

వేడెక్కడమే రోగమైతే ఇంజన్ జోలికి పోకండి. ముందు సముద్రపు నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ చూడండి, తర్వాత ఇంజన్ నీళ్లని సముద్రపు నీళ్లతో చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్, ఆ తర్వాత ఎగ్జాస్ట్‌లో నీళ్లు కలిసే వంపు. ఆ వంపులో తుప్పూ మసీ పేరుకుని వేలు దూరని బొక్క మిగలడం నేను కళ్లారా చూశాను.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది లోపలి కొలత. క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఇంతకు ముందు ఎన్నిసార్లు గ్రైండ్ అయింది, బ్లాకు పగిలిందా, లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు) మార్చే రకమా కాదా? క్రాంక్‌కి టెన్, ట్వంటీ, థర్టీ అని సైజులుంటాయి. అంటే 0.25, 0.50, 0.75 మిల్లీమీటర్లు తగ్గించినవి. మీది ఇప్పటికే థర్టీలో ఉండి, దాని మీద మళ్లీ గీతలు పడితే, ఇంజన్ కట్టే ఖర్చులో కొత్త క్రాంక్ వచ్చి కూర్చుంటుంది. అక్కడ లెక్కంతా తిరగబడుతుంది.

రెండోది రోజులు. ఏప్రిల్ 16న విప్పినవాడికీ మే 20న విప్పినవాడికీ ఒకే సలహా పనికిరాదు.

మూడోది చోటూ మనుషులూ. నాలుగు గోడల చాటు, గట్టి నేల, రోజూ వచ్చే ఒక తోడు ఉండాలి. తీరంలో గాలికి ఇసుక లేస్తుంది. విప్పిన ఇంజన్ మీద ఒక్క సాయంత్రం ఇసుక పడితే చేసిన పనంతా మళ్లీ చేయాలి.

నాలుగోది డబ్బు. బోరు చార్జీ, స్పేర్లు అందరికీ గుర్తుంటాయి. చైన్ పుల్లీ బాడుగ, ఇంజన్ మోసే మినీ లారీ, డబ్బాల కొద్దీ ఆయిలు, గొట్టాలు, క్లిప్పులు, ఫౌండేషన్ రబ్బర్లు, సామాన్ల కోసం నెల్లూరుకో ఒంగోలుకో తిరిగే పెట్రోలు, ఇవి ఎవరికీ గుర్తుండవు. నా లెక్కలో ప్రతిసారీ వీటి దగ్గరే అంచనా తప్పింది.

అయిదోదాన్ని ఎవరూ పైకి అనరు. నడి సముద్రంలో ఇంజన్ ఆగితే ఏమిటి పరిస్థితి? ఒడ్డుకి లాక్కొచ్చే బోటు దగ్గర్లో ఉంటుందా? నాలుగైదు రోజుల వేటకి దూరం వెళ్లే బోటూ, తెల్లారి వెళ్లి మధ్యాహ్నానికి వచ్చే బోటూ ఒకే రిస్క్ తీసుకోకూడదు.

ఈ కింది పట్టికలో రోజుల లెక్క నేను చూసిన పనుల్ని బట్టి వేసింది. మీ దగ్గర కాస్త అటూ ఇటూ అవుతుంది.

| | బోటులోనే హెడ్డు పని | ఇంటి దగ్గర కట్టడం | షెడ్డుకి అప్పజెప్పడం | పాత ఇంజన్ | కొత్త ఇంజన్ |
|---|---|---|---|---|---|
| రోజులు | వారం లోపు | 30 నుంచి 45 | చెప్పేది 15, అయ్యేది 25 | బెడ్డు (ఇంజన్ కూర్చునే దిమ్మ) కుదిరితే 10 | ఆర్డర్‌ని బట్టి, పైన బిగింపు |
| చేతి ఖర్చు | అన్నిటికంటే తక్కువ | మధ్యస్తం, శ్రమ మనది | ఇంటి పని కంటే కూలి మేర ఎక్కువ | మొదట తక్కువే, తర్వాత చెప్పలేం | అన్నిటికంటే ఎక్కువ |
| లోపలి సంగతి మనకి తెలిసేది | సగం | పూర్తిగా | వాళ్లు చూపించినంత | దాదాపు ఏమీ లేదు | అవసరం లేదు |
| పూచీ | మనదే | మనదే | నోటి మాట, రాయించుకుంటే కాగితం | లేదు | కంపెనీ వారంటీ |
| గేర్, బెడ్డు, షాఫ్ట్ మార్పులు | లేవు | లేవు | లేవు | తరచుగా ఉంటాయి | ఉండొచ్చు |

హెడ్డు పనితో సరిపెట్టడం

కంప్రెషన్ ఒకటి రెండు సిలిండర్లలోనే తగ్గి, ఆయిల్ మూత దగ్గర ఆవిరి పెద్దగా లేకపోతే తప్పు వాల్వ్‌లదో హెడ్డు ప్యాకింగ్‌దో అయ్యుంటుంది. హెడ్డు దించి ఫేసింగ్, వాల్వ్ సీటింగ్ చేయించి, నాజిళ్లు టెస్ట్ చేయించి బిగిస్తే ఆ సీజన్ గడుస్తుంది. ఇంజన్ కదలదు కాబట్టి షాఫ్ట్ అలైన్‌మెంట్ చెడదు. ఇది పెద్ద లాభం.

చిక్కేమిటంటే, పాత బోరు మీద పైన గట్టిగా సీలు చేస్తే, అరిగిన రింగుల లోపం అప్పుడు బయటపడుతుంది. హెడ్డు చేసిన రెండు నెలలకే ఆయిల్ తాగడం పెరిగిందని చాలామంది మెకానిక్‌ని తిడతారు. అతని తప్పేం లేదు. హెడ్డు తీసినప్పుడు బోరు పైఅంచున గోరు పెట్టి చూడండి. మెట్టులా తగిలితే అది హెడ్డు పనితో పోయేది కాదు.

ఇంటి దగ్గర కట్టడం

ఇంటి దగ్గర అంటే అన్నీ ఇంటి దగ్గరే అని కాదు. విప్పడం, కడగడం, కొలవడం, కట్టడం, రంగు వేయడం మనం చేస్తాం. బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్డు ఫేసింగ్ లేత్ షాపువి. ఇంజెక్షన్ పంపు, నాజిళ్లు పంపు లాబ్‌వి. పంపు ఇంట్లో విప్పకండి. దాని ప్లంజర్ క్లియరెన్స్ మైక్రాన్లలో ఉంటుంది, మన చేతి చెమట చాలు పాడవడానికి.

దించడానికి మేం మూడు లావు సర్వి బాదులు తెచ్చి ముక్కాలి పీటలా కట్టి, చైన్ పుల్లీ వేశాం. ఆ బాదులు పచ్చివి కాకూడదు, కాళ్లు జారకుండా కింద గుంటలు తీయాలి. ఆరు సిలిండర్ల ఇంజన్ అర టన్నుకి పైనే ఉంటుంది. దాని కింద చెయ్యి పెట్టే పని ఎప్పుడూ చేయకండి. అంత బరువైతే క్రేన్ పిలవడమే మేలు. ఒకటి రెండు సిలిండర్ల ఇంజన్లకైతే ముక్కాలి చాలు.

విప్పేటప్పుడు ప్రతి అడుగూ ఫోన్‌లో ఫొటో తీయండి. పుష్‌రాడ్లు, వాల్వ్‌లు వరస తప్పకుండా కోడిగుడ్ల ట్రేలో గుచ్చి, ఒక మూల "ముందు" అని రాసుకోండి. కనెక్టింగ్ రాడ్ మూతలు ఒకదానివి ఇంకొకదానికి మారితే ఆ రాడ్డు పనికిరాదు, కాబట్టి విప్పకముందే నంబర్ పంచ్ కొట్టాలి. కడగడానికి కాస్టిక్ సోడా తొట్టి చాలామంది వాడతారు. పోత ఇనుప బ్లాకుకి ఫర్వాలేదు. అల్యూమినియం పిస్టన్లు, హౌసింగ్‌లు అందులో వేస్తే తెల్లారేసరికి తినేస్తుంది. కళ్లకి అద్దాలు, చేతులకి గ్లవ్స్ లేకుండా ఆ తొట్టి దగ్గరికి పోవద్దు.

ఇక కొలత. లైనర్‌ని పైన, మధ్యన, కింద, మూడు చోట్ల కొలవాలి. ఒక్కో చోట క్రాంక్ పొడవు దిక్కున ఒకసారి, అడ్డంగా ఒకసారి. పై రింగు తిరిగే చోట అరుగుదల ఎక్కువ. పైకీ కిందికీ తేడా వస్తే గరాటాలా అరిగిందని, అటూ ఇటూ తేడా వస్తే కోడిగుడ్డులా అయిందని లెక్క. హద్దు ఎంతో మీ ఇంజన్ పుస్తకం చెబుతుంది. నీళ్లలో మునిగుండే వెట్ లైనర్లయితే పీకి బయటి వైపు కూడా చూడండి. సూదితో పొడిచినట్టు గుంటలుంటే లోపల ఎంత నున్నగా ఉన్నా మార్చాల్సిందే.

మే నెలలో ఈ కొలతల దగ్గర ఒక తిరకాసుంది. రోహిణి కార్తె ఎండకి రోళ్లు పగులుతాయంటారు, ఇనుము మాత్రం సాగుతుంది. 100 మిల్లీమీటర్ల పోత ఇనుము 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.01 మిల్లీమీటర్ పెరుగుతుంది. నీడన ఉన్న మైక్రోమీటర్‌తో ఎండన పెట్టిన క్రాంక్‌ని కొలిస్తే లెక్క తప్పుతుంది. సామాన్లూ కొలిచే పరికరాలూ రాత్రంతా ఒకే గదిలో ఉంచి, పొద్దున్నే ఏడింటిలోపు కొలవండి.

ఇప్పుడు మా మూడో ఇంజన్ కథ. క్రాంక్ ట్వంటీకి గ్రైండింగ్ చేయించాం. షాపు పేరెందుకు, పని చూడ్డానికి అద్దంలా ఉంది. గుడ్డతో తుడిచి, ఆయిల్ రాసి, కట్టేశాం. ఇస్కపల్లికి ఎదురుగా, మూడో ట్రిప్పులో, ఆయిల్ ప్రెషర్ ముల్లు మెల్లగా జారింది. తర్వాత టకటకా శబ్దం. సరంగు వెంటనే ఆపేశాడు కాబట్టి బ్లాకు బతికింది. ఇంకో బోటు లాక్కొచ్చింది. విప్పి చూస్తే రెండు బిగ్ ఎండ్ బేరింగులు (రాడ్డు క్రాంక్‌ని పట్టే చోట ఉండేవి) చిరిగిపోయి రాగి రంగు తేలింది. క్రాంక్ లోపల ఆయిల్ దారుల్లో గ్రైండింగ్ పొడి, ఆయిల్ కలిసి నల్లటి పేస్టులా ఉంది. సన్న తీగకి గుడ్డ చుట్టి లాగితే బొటనవేలి గోరంత ముద్ద వచ్చింది. మా మేస్త్రీ దాన్ని వేళ్ల మధ్య నలిపి నాకు చూపించి, "ఇది నువ్వు కడగాల్సింది అబ్బయ్యా, వాళ్లు కాదు" అన్నాడు. అప్పుడు కోపమొచ్చింది గానీ, ఆ మాట నిజం.

అప్పటినుంచి క్రాంక్ రాగానే ఆయిల్ దారుల ప్లగ్గులు విప్పించి, డీజిల్‌తో సన్న బ్రష్ పెట్టి తోమి, గాలి కొట్టి, తెల్ల గుడ్డ దూర్చి లాగుతున్నాం. గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఆపం. జర్నల్ (క్రాంక్ మీద బేరింగ్ కూర్చునే భాగం) పక్కన మూలలో గుండ్రంగా వంపు ఉందో లేదో కూడా చూడండి. పదునుగా కోసేసి ఉంటే క్రాంక్ అక్కడే విరుగుతుంది. ఆ పని వెనక్కి పంపేయండి, మొహమాటం వద్దు.

కట్టేటప్పుడు మెల్లగా సాగే పని రింగుల గ్యాపు చూడడం. రింగుని లైనర్‌లో పెట్టి, పిస్టన్‌ని తలకిందులు చేసి లోపలికి నెడితే రింగు వంకర లేకుండా సమంగా కూర్చుంటుంది. అప్పుడు కొసల మధ్య ఫీలర్ గేజ్ పెట్టాలి. 100 మిల్లీమీటర్ల బోరుకి సుమారు 0.3 నుంచి 0.45 మిల్లీమీటర్లు మామూలు. ఆఖరి మాట మాత్రం ఇంజన్ పుస్తకానిదే. గ్యాపు చాలకపోతే వేడికి కొసలు ఢీకొని రింగు విరుగుతుంది. కొత్త సెట్టు కదా అని చూడకుండా ఎక్కించేవాళ్లే ఎక్కువ. ఆరు సిలిండర్లకి రింగులన్నీ చూడ్డానికి నాకు ఒక పూట పడుతుంది. ఆ పూట షెడ్డులో మీకు ఎవరూ ఇవ్వరు. ఇంటి పనిలో ఉన్న అసలు లాభం ఇదే.

బేరింగ్ క్లియరెన్స్‌కి ప్లాస్టిగేజ్ దారం వాడండి, బిగించినప్పుడు అది నలిగిన వెడల్పుని బట్టి సందు ఎంతో తెలుస్తుంది. రాడ్ బోల్టులు కొత్తవి వేసి టార్క్ రెంచ్‌తోనే బిగించండి. వెట్ లైనర్ అంచు బ్లాకు మీద పుస్తకం చెప్పినంత లేచి ఉండాలి, లేకపోతే హెడ్డు ప్యాకింగ్ నిలవదు.

రంగు గురించి. అందరికీ ఆత్రంగా ఉండేది ఇక్కడే, ఎక్కువగా తప్పేదీ ఇక్కడే. ఉప్పు పోకుండా రంగు వేస్తే ఆరు నెలల్లో పొక్కులు లేస్తుంది. డీజిల్‌తో జిడ్డు తీశాక సబ్బు నీళ్లతో, ఆ తర్వాత రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, తీగ బ్రష్‌తో తుప్పు గీకి, ఎపాక్సీ ప్రైమర్ వేయండి. సాయంత్రం ఉప్పు గాలి తిరక్క ముందే ఆ పూట పని ముగించాలి. పై రంగు తెల్లదో లేత బూడిదో అయితే మంచిది, ఆయిల్ ఎక్కడ కారుతోందో దూరం నుంచే తెలుస్తుంది. ముదురు ఆకుపచ్చ అందంగానే ఉంటుంది గానీ కారుడుని దాచేస్తుంది. ఎగ్జాస్ట్‌కి వేడి తట్టుకునే రంగు వేయాలి. జింకు ముక్కల మీద, రబ్బరు గొట్టాల మీద, ఇంజన్ నంబరు ప్లేటు మీద రంగు పడకూడదు. జింకు తాను కరిగిపోతూ మిగతా లోహాన్ని కాపాడేది. దానికి రంగు పూస్తే ఉన్నా లేనట్టే.

షెడ్డుకి అప్పజెప్పడం

వేట మీదే బతికేవాళ్లకి, చోటు లేనివాళ్లకి ఇదే సరైన దారి. దీన్ని తక్కువ చేయడం నాకిష్టం లేదు. మంచి మేస్త్రీ చెవి పెట్టి వినేదాన్ని మనం పది గేజులతో పట్టుకోలేం. ఒక్క ఇబ్బంది: నిషేధం రోజుల్లో అందరి ఇంజన్లూ ఒకేసారి షెడ్డులకి వచ్చి పడతాయి. మీది వరసలో తొమ్మిదోదైతే మేస్త్రీ చేతికి రాక ముందే మే అయిపోతుంది.

ఇచ్చేముందు మూడు విషయాలు మాట్లాడుకోండి. విప్పగానే మనం వెళ్లి కొలతలు చూస్తాం. పాత సామాన్లన్నీ తిరిగి ఇవ్వాలి. కట్టిన తర్వాత షెడ్డులోనే మన ముందు ఒకసారి నడపాలి. పాత బేరింగులు చూపించమంటే మొహం చిట్లించే షెడ్డుకి ఇవ్వకండి. కొలతలు ఒక కాగితం మీద రాయించుకుంటే వచ్చే ఏడాది మీకే పనికొస్తుంది.

పాత ఇంజన్ కొనడం

నాకు దీనంత భయం వేరే దేనికీ లేదు. కొత్త రంగు వేసి మెరుస్తున్న ఇంజన్ చూస్తే ఇంకా భయం. పైన చెప్పిన రంగు కథంతా అమ్మేవాడికీ తెలుసు. కొనేముందు చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరు వచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉంటే, చల్లటి ఇంజన్ ఎంత కష్టపడి స్టార్ట్ అవుతుందో మీకు కనపడనీయడం లేదన్నమాట.

జాతీయ రహదారి పక్కన ఉన్న ఊళ్లు మనవి, లారీ ఇంజన్లు తేలిగ్గా దొరుకుతాయి. లారీ ఇంజన్ బోటులో వేయడం కొత్తేమీ కాదు. కానీ లారీ ఎక్కుతుంది, దిగుతుంది, ఆగుతుంది, ఇంజన్‌కి ఊపిరి దొరుకుతుంది. బోటులో ఫ్యాను గంటల తరబడి ఒకే బరువు వేస్తుంది. ఆర్‌పీఎం కొంచెం పెంచినా అది అడిగే పవర్ బాగా పెరుగుతుంది, రెట్టింపు వేగానికి సుమారు ఎనిమిది రెట్లు. అందుకే లారీలో ఇచ్చిన పవర్ మొత్తం బోటులో ఎప్పుడూ తీయకూడదు. రేడియేటర్ స్థానంలో హీట్ ఎక్స్‌ఛేంజరో కీల్ కూలింగో (బోటు అడుగున గొట్టాలతో నీళ్లు చల్లబరచడం) కావాలి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి నీటి జాకెట్ కావాలి, గేర్‌బాక్స్‌కి కుదిరే బెల్ హౌసింగ్ కావాలి. ఇంజన్ బోటులో వెనక్కి వాలి కూర్చుంటుంది కాబట్టి డిప్‌స్టిక్ గీత కూడా మారిపోతుంది. ఇవన్నీ కలిపాక చవక ఏపాటిదో లెక్క వేసుకోండి.

ఇంజన్ మారిస్తే మత్స్యశాఖ ఆఫీసులో బోటు కాగితాల్లో వివరాలు మార్పించుకోవడం మర్చిపోవద్దు.

అయితే ఒక సందర్భంలో పాతది తెలివైన బేరం. మీ ఇంజన్ మోడలే, క్రాంక్ స్టాండర్డ్ సైజులో ఉన్నది, విప్పి కొలవనిస్తే కొనండి. అప్పుడు దాని క్రాంకూ బ్లాకూ తీసుకుని మీ పాతదాన్ని స్పేర్ల కింద ఉంచుకోవచ్చు.

కొత్త ఇంజన్

డబ్బుంటే దీనికి సలహా అక్కర్లేదు, లేకపోతే సలహా పనికిరాదు. బ్యాంకు అప్పుతో కొనేవాళ్లు వారంటీ షరతులు మాత్రం చదవండి. సర్వీసు మనిషి ఎంత దూరం నుంచి వస్తాడో అడగండి. స్పేర్ నెల్లూరులో దొరుకుతుందా, ప్రతిదానికీ చెన్నై పోవాలా? బ్లాకు పగిలినా, క్రాంక్ థర్టీ దాటినా, బోటు హల్లు (బోటు బాడీ) మాత్రం ఇంకా పదేళ్లు పనికొచ్చేలా ఉంటే కొత్తదే లాభం. హల్లు పాతదైతే దానిలో కొత్త ఇంజన్ వేయకండి.

మునిగిన ఇంజన్

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపూ బోట్లు దెబ్బతిన్నాయి. ఇంజన్ మునిగితే నీళ్లలో ఉన్నప్పటికంటే పైకి తీశాకే వేగంగా పాడవుతుంది, గాలి తగిలిన క్షణం నుంచి ఉప్పు తుప్పు మొదలవుతుంది. అదే రోజు నాజిళ్లు తీసి, చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపి, మంచినీళ్లతో కడిగి, లోపలంతా డీజిల్, ఆయిల్ నింపేయండి. స్టార్టర్ కొట్టి తిప్పొద్దు, లోపల నీళ్లుంటే రాడ్లు వంగుతాయి. రెండు రోజుల్లో ఇలా చేసిన ఇంజన్‌ని ఇంటి దగ్గర కట్టుకోవచ్చు. రెండు వారాలు అలాగే వదిలేసినదాన్ని తుక్కు కింద అమ్మడమే మేలు.

ఎవరికి ఏది

ఒకటి రెండు సిలిండర్ల ఇంజన్, పగటి వేట, ఏప్రిల్‌లోనే విప్పారు, మెకానిక్ పని కొద్దో గొప్పో తెలుసు: ఇంటి దగ్గరే కట్టండి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఇంజన్ దొరకదు.

ఆరు సిలిండర్ల పెద్ద బోటు, నలుగురి పొత్తు: షెడ్డుకే ఇవ్వండి. పొత్తు బోటు ఇంజన్ ఒకరి పెరట్లో విప్పితే, రేపు సముద్రంలో ఆగినప్పుడు తప్పంతా ఆ ఒక్కడి మీద పడుతుంది. ఇంజన్ బాగుచేయొచ్చు గానీ పొత్తు చెడితే బాగవదు. మీకు ఆసక్తి ఉంటే కొలతలకీ కడగడానికీ షెడ్డులో మేస్త్రీ పక్కన కూర్చోండి.

మే 15 దాటాక ఇంజన్ పోయినవాళ్లు: హెడ్డు పనితో సరిపెట్టగలిగితే సరిపెట్టండి, లేదా అదే మోడల్ పాత ఇంజన్ కోసం వెతకండి. ఇంటి దగ్గర మొదలుపెడితే జూన్ 15న పక్క బోట్లన్నీ వెళ్తుంటే మీరు గ్యాస్కెట్ కోసం కావలి బస్టాండులో నిలబడి ఉంటారు.

రిటైరై, ఏదైనా చేయాలని ఉండి, తొందర లేనివాళ్లు: ఇంటి దగ్గర కట్టుకోండి. ఏడాది పట్టినా ఫర్వాలేదు. గది తలుపు మాత్రం మూసి ఉంచండి, మనవలు బేరింగులు ఎత్తుకుపోతారు.

ఏ దారి పట్టినా చివరి పని ఒకటే

స్టార్టర్ కొట్టేముందు ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడండి. ఆయిల్ దారులు ముందే నింపి, ఇంధనం లైన్లో గాలి తీసేయండి. గాలి లోపలికి వెళ్లే నోటికి సరిపడే ఒక చెక్కపలక చేతికందేలా పెట్టుకోండి. పంపు రాక్ (డీజిల్ ఎంత వెళ్లాలో తేల్చే కడ్డీ) ఇరుక్కుని ఇంజన్ అదుపు తప్పితే దాన్ని ఆపేది ఆ పలకే. చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఒడ్డున నడిపితే సముద్రపు నీటి పంపుకి 200 లీటర్ల డ్రమ్ములోంచి నీళ్లివ్వండి, ఇంపెల్లర్ పొడిగా కాసేపు తిరిగితే చాలు కాలిపోతుంది.

కప్లింగ్ అలైన్‌మెంట్ బోటు ఒడ్డున ఉండగా చూసింది లెక్కలోకి రాదు. నీళ్లలోకి దిగాక హల్లు సర్దుకుంటుంది. ఒకటి రెండు రోజులు ఆగి, బోల్టులు వదులు చేసి, కప్లింగ్ ముఖాల మధ్య పైనా కిందా అటూ ఇటూ ఫీలర్ గేజ్ పెట్టండి. తేడా 0.1 మిల్లీమీటర్ లోపు వచ్చేదాకా ఫౌండేషన్ సర్దండి. గ్లాండు (షాఫ్ట్ బోటు బయటికి వెళ్లే చోట నీళ్లు ఆపేది) దగ్గర నడిచేటప్పుడు చుక్కచుక్కగా కారాలి. అస్సలు కారకుండా బిగిస్తే షాఫ్ట్ కాలుతుంది.

మొదటి ట్రిప్పుకి ఐసు సగమే వేసుకుని, ఒడ్డు కనపడేంత దూరంలోనే తిరగండి. ఎక్కువసేపు ఐడిల్‌లో ఉంచొద్దు, ఫుల్ కూడా ఇవ్వొద్దు. వేగం మారుస్తూ నడపండి, రింగులు కూర్చుంటాయి. 25 నుంచి 50 గంటల మధ్య ఆయిల్ మార్చేయండి. ఆ ఫిల్టర్‌ని హాక్సాతో కోసి, కాగితం ఎండలో పరిచి చూడండి. బూడిద రంగు నుసి కొంచెం ఉంటే ఫర్వాలేదు. రాగి రంగు తళుకులు కనిపిస్తే బోటు కదపకుండా సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) విప్పండి.